ప్లీహం చోటు ఎందుకు కదులుతుంది?

ప్లీహం ఎడమ పక్కటెముకల కింద ఉంటుంది. జీర్ణాశయానికి, ఎడమ మూత్రపిండానికి కలిపే బంధనాలు దాన్ని పట్టి ఉంచుతాయి. కొందరికి ఇవి పుట్టుకతోనే ఉండవు, లేదా మరీ పొడవుగా ఉంటాయి. అందుకే పిల్లల్లోనూ ఈ సమస్య చూస్తాం. స్త్రీలలో గర్భధారణ నాటి హార్మోన్ల వల్ల, ఎక్కువ కాన్పుల వల్ల బంధనాలు వదులవుతాయి. మలేరియా వంటి జబ్బులతో ప్లీహం పెరిగితే (మనం 'కడుపులో బల్ల' అంటాం) ఆ బరువుకు కూడా సాగుతాయి.

అప్పుడు ప్లీహం పొత్తికడుపు దాకా జారి, కదిలే గడ్డలా చేతికి తగులుతుంది. దాని రక్తనాళాలు మెలిపడితే రక్తం అందక చచ్చుబడుతుంది. కనుక అలాంటి గడ్డను తోమించకండి, స్కానింగ్ చేయించండి. హఠాత్తుగా తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు వస్తే వెంటనే ఆసుపత్రికి రండి. ఆలస్యం కాకుంటే చాలాసార్లు ప్లీహాన్ని తీసివేయకుండా, దాని చోటనే కుట్టి నిలపగలం.