నలుని హంస ఏ వన్నెది?

మెదకు పట్టణమునకు అనతిదూరమున నున్న కొల్చారము, మల్లినాథసూరి వంశమునకు 'కోలాచల' యను ఇంటిపేరు నిచ్చిన గ్రామముగా ప్రసిద్ధము. పంచమహాకావ్యములకును వ్యాఖ్యలు రచించిన ఆ మహనీయుడు శ్రీహర్షుని నైషధమునకు కూర్చిన వ్యాఖ్య పేరు 'జీవాతువు'. జీవాతువనగా ప్రాణమును నిలుపు ఔషధము. ఆ కావ్యమున ప్రాణమునకై మొఱవెట్టునది ఒక పక్షి. దాని వన్నెను గూర్చి యొకింత విచారింపదగియున్నది.

1899లో రాజా రవివర్మ 'హంసదమయంతి' యను తైలవర్ణచిత్రమును రచించెను. ఎఱ్ఱచీర దాల్చిన దమయంతి; ఎదుట తెల్లని హంస. 1894లో బొంబాయిలో నెలకొల్పబడిన ముద్రణాలయమువలన రవివర్మ చిత్రముల అచ్చుప్రతులు సామాన్యుల యిండ్ల గోడల కెక్కినవి. నలుని హంస యనగానే పెక్కుమందికి తెల్లని పక్షియే కన్నులకు గట్టుట కిదియే హేతువు.

కావ్యమందట్లు లేదు. వనపర్వమున బృహదశ్వమహర్షి ధర్మరాజునకు చెప్పిన కథలోనే ఆ హంసలు బంగారముతో నలంకృతములు. శ్రీహర్షుడు ఱెక్కలనే సువర్ణమయములు గావించెను. ఇది అలంకారమాత్రము కాదు. నలుడు పట్టుకొనగా హంస యాతని నిందించును: సముద్రమంత సిరిగల రాజునకు ఈ పిడికెడు ఱెక్కల బంగారముపై ఆశయా యని! హంస తెల్లనిదైనచో ఈ నిందకు తావెక్కడిది? పిదప, ముదుసలి తల్లికి తానొక్కడే కొడుకనియు, ఇల్లాలు క్రొత్తగా ప్రసవించినదనియు వాపోవును. రాజు కరగి విడిచిపుచ్చును. విడువబడిన పక్షి యెగిరిపోయి ఊరకుండక మరలివచ్చి, ప్రత్యుపకారముగా దమయంతికడకు దూతయై పోవును. నలదమయంతుల కల్యాణమంతయు ఆ విడుపునుండి పుట్టినదే.

మూడవసర్గమున హంసయే తన మేనివన్నెకు కారణము చెప్పును. స్వర్గంగలోని బంగారుతామరల తూండ్లు దాని యాహారము. కారణమందలి గుణమే కార్యమునకు సంక్రమించును గదా యని దాని వాదము. ఖండనఖండఖాద్యమున తార్కికులను చీల్చిచెండాడిన శ్రీహర్షుడు, ఇచట వారి మాటనే పక్షినోట పలికించుట సరసముగా నున్నది.

రవివర్మను తప్పుపట్టరాదు. హంస ధవళమనుట కవిసమయము. వాణీదేవి వాహనమును తెల్లనిదే. ఎఱ్ఱచీరచెంత తెలుపు కంటికింపు గూర్చుననుటయు నిజము. అయినను ఆ పటము చూపి పిల్లలకు కథ చెప్పు పెద్దలు, శ్రీనాథుని శృంగారనైషధము చేతనున్నవారైనచో, ముందుగా ఆ ఱెక్కలు బంగారువని చెప్పి, ఆమీదట హంస రాజు నడిగిన ప్రశ్నను వినిపింపవలయును.