మొదలుపెట్టిన ప్రాసెస్‌ను ఆపడం: అనుభవ పాఠాలు

అణైకట్, గుడియాత్తం వైపు నుంచి వేలూరుకు కంప్యూటర్ చదువులకు వెళ్లే మన తెలుగు పిల్లలు స్క్రిప్ట్ రాసి పని మొదలుపెట్టడం త్వరగానే నేర్చుకుంటారు. ఆ పనిని సవ్యంగా ఆపడం మాత్రం ఆలస్యంగా పట్టుబడుతుంది. ఇంట్లో విండోస్, ల్యాబ్‌లో లైనక్స్ అయితే చిక్కు రెట్టింపు.

1. ముందు మర్యాదగా అడగండి. లైనక్స్‌లో ఉత్త కిల్ కొడితే వెళ్లేది సిగ్‌టెర్మ్, అంటే 15. దాన్ని అందుకున్న ప్రోగ్రామ్ తన ఫైళ్లు సర్దుకుని తప్పుకోవచ్చు. 9వ నంబరు సిగ్‌కిల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. సర్దుకునే వ్యవధే ఉండదు. 15 పంపి, కొన్ని సెకన్లు ఆగి, అప్పటికీ కదలకపోతేనే 9 వాడండి.

2. తల్లి ప్రాసెస్ ఆగితే అది మొదలుపెట్టిన పిల్ల ప్రాసెస్ కూడా ఆగుతుందనుకోకండి. అన్నిటికన్నా ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. పైథాన్‌లో షెల్ ద్వారా ప్రోగ్రామ్‌ను నడిపితే మీ చేతికి వచ్చే నంబరు చాలాసార్లు షెల్‌ది. దాన్ని ఆపితే అసలు పని అనాథై, సాధారణంగా 1వ నంబరు ప్రాసెస్ పంచన చేరి నడుస్తూనే ఉంటుంది. అందుకే పిల్లను కొత్త సెషన్‌లో మొదలుపెట్టి, ఆపేటప్పుడు గ్రూప్ నంబరు ముందు మైనస్ పెట్టి సిగ్నల్ పంపాలి. అప్పుడది గుంపు మొత్తానికీ అందుతుంది. అయితే సెషన్ వేరైంది కాబట్టి మీరు కంట్రోల్-సీ నొక్కినా ఆ గుంపుకు తెలియదు. స్క్రిప్టే ఆ సిగ్నల్‌ను పట్టుకుని కిందికి పంపాలి. ఈ రెండో సగం రాయకుండా వదిలేస్తే మొదటి సగం కొత్త తలనొప్పి తెస్తుంది.

3. విండోస్ దారి వేరు. అక్కడ పైథాన్ టెర్మినేట్ అన్నా కిల్ అన్నా ఒకటే: ప్రాసెస్ ఉన్నపళంగా పోతుంది, దాని పిల్లలు మిగులుతాయి. టాస్క్‌కిల్‌కు /టీ జోడిస్తే పిల్లలనూ వెతికి ఆపుతుంది. కానీ మధ్యలోని ప్రాసెస్ ముందే ముగిసి ఉంటే ఆ వరుస తెగుతుంది. నేను నమ్మేది విండోస్ 2000తో వచ్చిన జాబ్ ఆబ్జెక్ట్‌నే. జాబ్ మూయగానే అందులోవన్నీ ఆగేలా ముందే నియమం పెట్టవచ్చు.

4. ఆపాక వెయిట్ పిలవండి. లేకపోతే యూనిక్స్ ప్రాసెస్ పట్టికలో జాంబీలు, అంటే ముగిసినా నమోదు తొలగని ప్రాసెస్‌లు, పేరుకుంటాయి.

5. పేరు చూసి చంపకండి. లైనక్స్‌లో కిల్‌ఆల్ మీరిచ్చిన పేరున్న ప్రాసెస్‌లనే ఆపుతుంది. సోలారిస్‌లో అదే కమాండ్ షట్‌డౌన్ కోసం ఉద్దేశించింది. రూట్‌గా కొడితే నడుస్తున్న ప్రాసెస్‌లన్నింటినీ పడగొడుతుంది. పాత ప్రాసెస్ నంబర్లనూ నమ్మకండి, సిస్టమ్ వాటిని తిరిగి వేరేవాటికి ఇస్తుంది.

పిల్లలూ, మీ స్క్రిప్ట్‌ను ఎవరికైనా ఇచ్చేముందు రెండు సిస్టమ్‌ల మీదా పని మధ్యలో ఆపి చూడండి. ఒకచోట పీఎస్, ఇంకోచోట టాస్క్ మేనేజర్ తెరిచి, ఏదీ మిగల్లేదని కళ్లతో చూశాకే ఇవ్వండి.