కొత్తగా బాధ్యత తీసుకున్న ఇంజినీరు మొదట ఏం చెప్పాలి?

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో స్వపరిచయం అంటే ఇంటర్వ్యూలో చెప్పేదే. పేరు, ఊరు, కాలేజీ, మార్కులు, చేసిన ప్రాజెక్టు, చివర్లో రెండు మూడు బలాలు. మనల్ని తీసుకోవాలా వద్దా అని ఎదుటివాళ్లు తూకం వేస్తున్నప్పుడు ఆ మాటలు పనికొస్తాయి. ఉద్యోగంలో చేరాక వచ్చే పరిచయం వేరు. అప్పటికే మనల్ని నియమించేశారు, మన ముందున్నవాళ్లకు మనల్ని కాదనే వీలు లేదు. ఇంజినీర్లు సందేహాలు, జవాబులు పంచుకునే ఆన్‌లైన్ బృందానికి మోడరేటర్‌గా వచ్చినా, నెల్లూరు జిల్లా సంగం దగ్గర కాలువ సెక్షన్‌కు ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) వచ్చినా పరిస్థితి అదే. అక్కడున్నవాళ్లలో చాలామందికి మనకంటే ఆ పని బాగా తెలుసు, తగువు వస్తే మాట చెప్పాల్సింది మాత్రం మనమే. వాళ్లు తెలుసుకోవాలనుకునేది మన ర్యాంకు గురించి కాదు, మన చేతిలో ఉన్న అధికారం తమ మీద ఎలా నడవబోతోందనే. కాబట్టి ఆ రోజు పరిచయంలో అర్హతలకంటే ముందు అధికారం హద్దులు, నిర్ణయం తీసుకునే పద్ధతి చెప్పాలని నా వాదన.

సంగం ఉదాహరణే చూద్దాం. ఇక్కడి పాత ఆనకట్టకు బదులుగా పెన్నాపై కట్టిన మేకపాటి గౌతమ్‌రెడ్డి బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది. పెన్నా డెల్టా, కనుపూరు కాలువ, కావలి కాలువ కలిపి 3.85 లక్షల ఎకరాల ఆయకట్టు దీనిమీద ఆధారపడి ఉంది. పైన 78 టీఎంసీల సోమశిలలో ఎన్ని నీళ్లున్నాయో చూసుకుని, ఏ కాలువకు ఎంత ఇవ్వాలో, రెండో పంట ఎడగారుకు ఇవ్వగలమో లేదో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుస్తారు. అక్కడ లెక్క తేలినా కింద తూముల దగ్గర తేలదు. కాలువ మొదట్లో ఉన్న రైతుకు నీళ్లు అందుతాయి, చివరి ఆయకట్టు రైతు రాత్రంతా గట్టుమీద కాపలా ఉంటాడు. ఏ షట్టరు ఎంత ఎత్తితే నీళ్లు ఎక్కడిదాకా వెళ్తాయో కాలువ కాపలా చూసే లస్కర్‌కు తెలిసినంత కొత్త ఏఈఈకి తెలియదు. ఉదయగిరి మెట్టలో పుట్టి పెరిగి, కాలువ పారకం ఎన్నడూ చూడని పిల్లవాడే ఆ కుర్చీలోకి రావచ్చు.

ఆ కుర్చీకి ఎంత బలం ఉందో చట్టంలోనే ఉంది. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ రైతుల సాగునీటి వ్యవస్థల నిర్వహణ చట్టం కింద ఏర్పడిన సాగునీటి వినియోగదారుల సంఘానికి నీటిపారుదల శాఖ అధికారి ఒకరిని సమర్థ అధికారిగా నియమిస్తారు. పేరు వింటే పెత్తనంలా ఉంటుంది గానీ, ఆయన పని సంఘం కమిటీ తీసుకున్న నిర్ణయాలను అమలు చేయించడం. వంతులవారీ నీటి పట్టిక తయారుచేయడం, నీటి లెక్క వేయడం, సోషల్ ఆడిట్ జరపడం సంఘం బాధ్యతలు. అంటే కొత్త ఇంజినీరు తాను చేయలేని పనులేమిటో మొదటి రోజే చెప్పగలడు. చెప్పకపోతే ఊరు అతనికి లేని అధికారాన్ని అంటగట్టి, ఆ తర్వాత నీళ్లు రానందుకు అతన్నే నిలదీస్తుంది. ఇలా చెప్పి చూడండి: “పెద్దలందరికీ నమస్కారం. ఈ సెక్షన్‌కు నేను కొత్త ఏఈఈని. మీ కమిటీ వేసిన వంతుల పట్టికను నా అంతట నేను మార్చను. మార్చాల్సి వస్తే ముందు కమిటీకి చెప్తాను. రోజూ ఉదయం గేజి రీడింగు నోటీసు బోర్డు మీద ఉంటుంది. కాలువ సంగతులు లస్కర్లనూ, మిమ్మల్నీ అడిగి నేర్చుకుంటాను. తూము దగ్గర తగువు వస్తే ముందు అధ్యక్షుడికి చెప్పండి, అదే రోజు నాకూ చెప్పండి.” ఇందులో మార్కుల ఊసు లేదు. అయినా ఇది విన్న రైతుకు రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలిసింది.

ఆన్‌లైన్ బృందాలకు నేర్పాల్సిన పాఠం అవి పుట్టినచోటే ఉంది. ఇంటర్నెట్‌కు మూలమైన ఆర్పానెట్ కోసం 1969 ఏప్రిల్‌లో మొదటి ఆర్‌ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్, అంటే అభిప్రాయాలు కోరే) పత్రం రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. నలుగురి మీద పెత్తనం చేసే హోదా ఆయనకు లేదు. ఆ నెలలోనే రాసిన మూడో పత్రంలో పని పద్ధతి మాత్రం స్పష్టంగా పెట్టాడు. ఆలోచన ఎంత చిన్నదైనా పంపవచ్చు, ఒక్క వాక్యమైనా చాలు, మెరుగులు దిద్దేదాకా ఆగక్కర్లేదు. మాట్లాడటానికి సంకోచించేవాడికి ఆ నియమం ధైర్యమిచ్చింది. తర్వాత ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ 1998లో తన కార్యవర్గాల నియమాలను ఆర్‌ఎఫ్‌సీ 2418గా ప్రచురించింది. అధ్యక్షుడు చేయాల్సిందేమిటి, ఏకాభిప్రాయం కుదిరిందని ఎలా తేల్చాలి, ఆ నిర్ణయం నచ్చనివాళ్లు ఎవరికి అప్పీలు చేసుకోవాలి అన్నవన్నీ అందులో రాసి ఉన్నాయి. తనమీద ఎవరికి ఫిర్యాదు చేయాలో తానే చెప్పడం మోడరేటర్ పరిచయంలో అన్నిటికంటే విలువైన వాక్యమని నేను నమ్ముతాను. మన విద్యార్థులు రాసే పరిచయాల్లో అది దాదాపు కనబడదు.

నా వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. హద్దులు ముందే చెప్పుకుంటే లోకువైపోతామని, ముఖ్యంగా చిన్న వయసువాళ్లను, ఆడపిల్లలను ఎవరూ లెక్కచేయరని అంటారు. ఆ భయం నిజమైనదే. మగ ఇంజినీరుకు మొదటి రోజే దొరికే మర్యాద కోసం అమ్మాయి నెలల తరబడి పోరాడాల్సి వస్తుంది. కానీ హద్దులు చెప్పడం వేరు, బతిమాలడం వేరు. “నాకేం తెలియదు, సర్దుకోండి” అంటే లోకువే. “ఈ పని నాది, ఈ పని కమిటీది, నా పనిలో వేలు పెడితే రాసి పెడతాను” అంటే లోకువ ఎక్కడిది? పైగా అర్హతలు ఏకరువు పెట్టినందువల్ల వచ్చే బరువు మొదటి తప్పుతోనే పోతుంది. పద్ధతి చెప్పి, దాని ప్రకారం నడిచినవాడు తప్పు చేసినా దిద్దుకునే దారి ఉంటుంది. అర్హత అసలు చెప్పొద్దని నేననడం లేదు. పనికి సంబంధించినది ఒక్క వాక్యంలో చెప్పాలి. కాంక్రీటు చర్చలు జరిగే బృందంలో మిక్స్ డిజైన్ చేసిన అనుభవం చెప్పుకోవచ్చు, పదో తరగతి జీపీఏ అక్కర్లేదు.

మొదటి రోజే మాటిస్తే రేపు ఇరుక్కుంటాం కదా అని మరో సందేహం. పద్ధతికి మాటివ్వండి, ఫలితానికి వద్దు. చివరి ఎకరం దాకా నీళ్లిస్తానని ఏ ఏఈఈ అనకూడదు, సోమశిలలో నీళ్లు అతని చేతిలో లేవు. గేజి రీడింగు రోజూ రాస్తాననడం మాత్రం అతని చేతిలోనే ఉంది. మోడరేటర్ అయినా అంతే. గొడవలే రానివ్వనని చెప్పకూడదు, ఏ వ్యాఖ్యనైనా తీసేస్తే కారణం రాస్తానని చెప్పాలి. ఇక ఇంగ్లిష్ రాదన్న బెంగ ఆత్మకూరు, ఉదయగిరి పిల్లల్లో ఎక్కువ. ఇలాంటి పరిచయానికి కావాల్సింది నాలుగైదు పొట్టి వాక్యాలే. ముందు తెలుగులో రాసుకుని, ఎవరు, ఏ పని, ఎప్పుడు, ఎవరికి చెప్పాలి అన్నవి తేలాక ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. ఆడంబరమైన విశేషణాలు లేకపోవడం అక్కడ లోపంగా కనబడదు. పరిచయం చేసుకునే ముందు పాత మోడరేటర్‌తో, లేదా పాత ఏఈఈతో ఒక గంట కూర్చుని, తేలకుండా మిగిలిన తగువులేమిటో అడిగి రాసుకోండి. వాటిలో ఒకదాన్ని ఏ తేదీలోగా చూస్తారో మీ పరిచయంలోనే రాయండి.