గ్రామ భవనములందు తేనెపట్టులు: తొలగించు విధానము

పాఠశాల దూలమునకో, పంచాయతీ కార్యాలయపు చూరునకో, మంచినీటి ట్యాంకు అడుగునకో తేనెపట్టు పట్టినప్పుడు గ్రామములలో తరచుగా జరుగునది ఒక్కటే. కిరసనాయిలులో తడిపిన గుడ్డను గడకు చుట్టి, నిప్పంటించి, పట్టును కాల్చివేయుదురు. వేలకొలది ఈగలు మాడిపోవును. మిగిలినవి రేగి, దారిన పోవువారిని, కట్టుకొయ్యకు కట్టిన పశువులను కుట్టును. ప్రక్కనున్న తాటాకు ఇంటికి నిప్పంటుకొను ప్రమాదమును కలదు. ఇంత చేసినను కొంత కాలమునకు అచ్చటనే మరల పట్టు పట్టవచ్చును.

మనుష్యులకు హాని లేకుండ, సాధ్యమైనంతవరకు ఈగలను చంపకుండ ఈ పని చేయు పద్ధతి కలదు. తేనెటీగల పెంపకందార్లు అనుభవమున తీర్చిదిద్దుకొన్న ఆ పద్ధతిని పంచాయతీ సభ్యులు తెలిసికొనవలెను.

ఈగలతో మనకేమి పని?

గుమ్మడి, దోస, బీర తీగలకు మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వును చేరిననే పిందె నిలుచును. ప్రొద్దుతిరుగుడు, ఉల్లి విత్తనపు పంటలకును ఈగల సాయము కావలెను. ఊరిలోని పట్టులను కాల్చినచో ఆ నష్టము చేలలో కనబడును.

ముందుగా జాతిని గుర్తింపవలెను

కొండ తేనెటీగ పెద్దది. ఎత్తైన చోట, బయలుగా, ఒకే ఒక పెద్ద పట్టును వ్రేలాడదీయును. దానిపై ఈగలు వేలకొలది యుండును. ఇది మిక్కిలి ప్రమాదకరము. పెట్టెలలో పెంచుటకు లొంగదు.

పుట్టతేనె ఈగ చీకటి తావులను కోరును. చెట్టు తొర్రలు, పుట్టలు, గోడ సందులు దీని నివాసములు. ఒకదాని ప్రక్క నొకటిగా అనేక పట్టులు కట్టును. దీనిని పెట్టెలోనికి మార్చి పెంచవచ్చును.

మూడవది చిన్న తేనెటీగ. పొదలలో అరచేయంత పట్టు పెట్టును. దీని జోలికి పోనక్కర లేదు. కందిరీగలు వీటికంటె వేరు. వాని గూటిలో తేనె యుండదు.

పట్టు లేక ఈగలు మాత్రమే గుత్తివలె వ్రేలాడుచున్నచో, అది క్రొత్త తావును వెదకుచు దారిలో ఆగిన గుంపు. కాపాడుకొనవలసిన పిల్లలు లేనందున అది సాధారణముగా శాంతముగా నుండును. కొన్ని గంటలలోనో, ఒకటి రెండు దినములలోనో తానే వెడలిపోవును. దానిని కదలింపక, పిల్లలను దూరముగా నుంచినచో చాలును.

గోడలోని పట్టును తీయుట

అనుభవజ్ఞుడైన పెంపకందారు వచ్చిన వెంటనే గోడ పగులగొట్టడు. కొంతసేపు దూరమున నిలిచి ఈగల రాకపోకలను గమనించును. కాళ్లకు పుప్పొడి ముద్దలతో ఈగలు లోనికి పోవుచున్నచో, లోపల పిల్లలు పెరుగుచున్నవని గ్రహించును. పిమ్మట గోడపై అరచేయి ఆనించి చూచును. పిల్లలున్న భాగమును ఈగలు సుమారు 35 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నుంచును గనుక, అచ్చట గోడ వెచ్చగా తగులును. ఈ విధముగా పట్టు ఎంతవరకు వ్యాపించినదో అంచనా వేసి, అంతమేరకే ఇటుకలు తీయును.

పొగను కొద్దికొద్దిగా పట్టవలెను. పొగ తగిలిన ఈగలు తేనె త్రాగి మందగించును. అపాయమును తెలుపు వాసనయు పొగలో మరుగుపడును. తరువాత పట్టులను ఒక్కొక్కటిగా కోసి, తేనె పట్టును పాత్రలో వేసి, పిల్లలున్న పట్టును చట్రములకు అరటినారతో కట్టి పెట్టెలో నుంచును. పట్టు గోడలో నున్నప్పుడు ఏ అంచు పైకి ఉండెనో చట్రములోను అదియే పైకి ఉండవలెను.

అన్నిటికంటె ముఖ్యము రాణి ఈగ. రాణి పెట్టెలో చేరినచో కొన్ని ఈగలు ద్వారమున నిలిచి, రెక్కలార్చుచు వాసనతో మిగిలినవానిని పిలుచును. రాణి చేరనిచో అవి పెట్టెలో నిలువవు. మేతకు పోయినవి తిరిగి వచ్చువరకు పెట్టెను అచ్చటనే యుంచి, చీకటి పడిన పిమ్మట ద్వారము మూసి తీసికొనిపోవలెను.

పని ఇంతటితో ముగియదు. గోడలో మిగిలిన మైనమును, తేనెను గీకి, కడిగి, సందును సిమెంటుతో మూయవలెను. లేనిచో ఆ వాసనకు మరియొక గుంపు వచ్చి చేరును. పురుగుమందు చల్లి చంపినచో చచ్చిన పిల్లలు గోడలో కుళ్లును, తేనె కారును, విషము కలిసిన ఆ తేనెను ఇతర ఈగలు తమ పట్టులకు మోసికొనిపోవును.

పుట్టతేనె ఈగకు తగిన పెట్టెను 1910 తరువాతి సంవత్సరములలో తిరుచిరాపల్లి ప్రాంతమున ఫాదరు న్యూటన్ రూపొందించెను. అది నేటికిని న్యూటన్ పెట్టె యనియే ప్రసిద్ధము. 1962లో పూనాలో కేంద్ర తేనెటీగల పరిశోధన, శిక్షణ సంస్థ ఏర్పడినది.

కొండ తేనెటీగ విషయము

ఈ జాతి పూల కాలమున వచ్చి, పూలు తగ్గగానే వలస పోవును. కావున జనసంచారము లేని ఎత్తున నున్నచో, క్రింద కంచె కట్టి, వలస పోవువరకు వేచియుండుట మేలు. రాళ్లు రువ్వుట, టపాసులు కాల్చుట, పొగ పెట్టుట నిషేధింపవలెను. పాఠశాలకు, ఆసుపత్రికి చేరువ నున్నచో తీయించక తప్పదు. ఆ పనికి ఆరితేరినవారే కావలెను. ఈ ఈగలు వెన్నెలలో ఎగురగలవు. దీపముల వైపు వచ్చును. కావున చీకటి రాత్రి, పరిసరముల దీపములన్నియు ఆర్పించి పని జరుపవలెను. నల్లమలలో చెంచులు త్రాళ్లపై దిగి కొండపట్టుల తేనె తీయుదురు. వారి నేర్పు తరతరములుగా వచ్చినది. చూచి అనుకరింపదగినది కాదు.

కుట్టినప్పుడు

ఈగలు రేగినచో ముఖము కప్పుకొని, పరుగున ఇంటిలోనికి పోయి తలుపు మూయవలెను. చేతులు విసరరాదు. నీటిలో దూకరాదు. చర్మమున దిగిన కొండి కొంతసేపు విషమును ఎక్కించుచుండును. దానిని గోటితోనైనను తక్షణమే తీయవలెను. ఊపిరాడకున్నను, నాలుక లేక పెదవులు వాచినను, ఒళ్లంతయు దద్దురులు లేచినను, తల తిరిగినను 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్చవలెను. చాల ఈగలు కుట్టినచో ఈ లక్షణములు లేకున్నను వైద్యునికి చూపవలెను.

పంచాయతీ కర్తవ్యము

1. ఉద్యానశాఖను, కృషి విజ్ఞాన కేంద్రమును సంప్రదించి, శిక్షణ పొందిన పెంపకందార్ల పేర్లు కార్యాలయమున వ్రాసి యుంచవలెను.

2. పట్టు తీయు దినమును ముందుగా చాటించి, సెలవు దినమును ఎన్నుకొని, పశువులను దూరముగా కట్టించవలెను.

3. తీసినవానికి కూలియు, గోడ మరమ్మతు ఖర్చును కలిపి తీర్మానము చేయవలెను. మరమ్మతు లేని తొలగింపు సగము పనియే.

4. పూల కాలమునకు ముందే పాఠశాల గోడల సందులు పూడ్పించి, గాలి రంధ్రములకు సన్నని తీగవల బిగింపవలెను.

దివిటీతో పట్టును కాల్చుట నిమిషములలో ముగియును. కాని రేగిన ఈగల నడుమ బడిపిల్లలు చిక్కినచో ఆ తొందరపాటునకు జవాబు చెప్పవలసినది పంచాయతీయే. కావున రాబోవు సమావేశమున సభ్యులు తమ గ్రామ భవనములను ఒక్కొక్కటిగా తలచుకొని, పట్టులున్నవో లేవో విచారించి, తగిన ఏర్పాటు చేయుదురు గాక.