బొమ్మలోని పావురము – బాల్కనీలోని పావురము

పాఠ్యభాగములు: ఆదికాండము 8:6–12, లూకా 2:22–24, మత్తయి 3:13–17, 10:16



మన ఆలయములలో ప్రసంగవేదిక వెనుక గోడమీద, బాప్తిస్మపు తొట్టికి పైన, తరచుగా ఒక తెల్లని పావురము బొమ్మ కనబడుతుంది. మన సంఘముల ఉత్తరముల మీద, పెండ్లి శుభలేఖల మీద, క్రిస్మస్ కార్డుల మీద కూడ అదే బొమ్మ. ఆరాధన ముగించుకొని ఇంటికి చేరగానే బాల్కనీ గోడమీద ఒక బూడిదరంగు పావురము కూర్చొని ఉంటుంది. దానిని చూచి చప్పట్లు కొట్టి, “హుష్” అని తోలుతాము. బెంగళూరులో ఇప్పుడు అపార్టుమెంట్లన్నిటికి నైలాను వలలే. అడుగుల లెక్కన కొలిచి వల బిగించి పోవుటకు ప్రత్యేకముగా మనుష్యులున్నారు.

ఆలయములో గౌరవము పొందిన పక్షి, ఇంటివద్ద తోలివేయబడిన పక్షి రెండు వేరువేరు పక్షులా? ఈ పాఠములో ఆ సంగతి ఆలోచింతము.

ముందుగా ఒక మాట. బాల్కనీకి వల కట్టుట తప్పు అని మేము చెప్పుట లేదు. ఎండిన పావురపు రెట్టల ధూళి, ఈకల పొడి చాలాకాలము పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తుల వ్యాధి కలుగుతుందని వైద్యులు హెచ్చరించుచున్నారు. ముంబయిలో పావురములకు గింజలు వేసే చోట్ల విషయము 2025లో హైకోర్టు వరకు వెళ్లినది. ఉబ్బసమున్నవారు, వృద్ధులు, పసిపిల్లలు ఉన్న ఇండ్లలో జాగ్రత్త పడవలసినదే. మా ప్రశ్న ఆ వల గురించి కాదు. మరొక వల గురించి.

1. పక్షి స్వభావము

మన బాల్కనీకి వచ్చే పావురము పూర్వము కొండచరియలలో, రాతి పగుళ్లలో గూడు పెట్టుకొనే పక్షి. పట్టణములోని ఎత్తైన భవనము దాని కంటికి ఒక కొండవలెనే ఉంటుంది. కిటికీపై గట్టు, ఏ.సి. పెట్టె వెనుక సందు, పైపుల మూల దానికి రాతి పగుళ్లే. వేల సంవత్సరములుగా మనుష్యులు దీనిని ఆహారము కొరకు, ఉత్తరములు పంపుట కొరకు పెంచినారు. ఎంత దూరము తీసికొనిపోయి విడిచినను సూర్యుని దిక్కును, భూమి అయస్కాంత శక్తిని, తెలిసిన గుర్తులను ఆధారము చేసికొని తన గూటికి తిరిగి రాగలదు. ఒడిషా పోలీసు శాఖ స్వాతంత్ర్యానికి ముందు, 1946లోనే, వార్తలు చేరవేయుటకు పావురముల దళమును ఏర్పాటు చేసికొన్నది.

గూడు కట్టుటలో దీనికి పెద్ద నేర్పు లేదు. నాలుగు పుల్లలు పేర్చి రెండు గుడ్లు పెడుతుంది. అయితే పిల్లల పెంపకములో దీనికి సాటి పక్షులు తక్కువ. తల్లి తండ్రి వంతులు వేసికొని సుమారు 18 దినములు పొదుగుతాయి. పిల్లలు పుట్టిన తరువాత తల్లి మాత్రమే గాక తండ్రి కూడ తన గొంతు సంచిలో ఊరే పాలవంటి పదార్థమును పిల్లల నోట పోస్తుంది.

పల్లెలలో మనమెరిగిన గువ్వ, పట్టణపు పావురము ఒకే కుటుంబములోనివి. హెబ్రీ భాషలో పావురమునకు “యోనా” అని పేరు. యోనా ప్రవక్త పేరునకు అర్థమదే. సభలలో ఎగురవేసే తెల్లని పావురములు కూడ ఈ బూడిదరంగు జాతిలోనే రంగు కొరకు ఏరి పెంచినవి. యొర్దాను నదియొద్ద ఆత్మ పావురమువలె దిగివచ్చిన సంగతి నాలుగు సువార్తలలోను ఉన్నది గాని, రంగు మాట ఒక్క సువార్తలోను లేదు. తెలుపు రంగు చిత్రకారులు వేసినది. కాబట్టి బొమ్మలోని పావురము, బాల్కనీలోని పావురము చుట్టములే.

2. పేదవాని అర్పణ

ప్రసవించిన స్త్రీ శుద్ధి దినములు గడచిన తరువాత దహనబలిగా ఒక ఏడాది గొఱ్ఱెపిల్లను తేవలెనని ధర్మశాస్త్రములో ఉన్నది. గొఱ్ఱెపిల్లను తేలేనివారు రెండు గువ్వలనైనను, రెండు పావురపు పిల్లలనైనను తేవచ్చునని దేవుడు సెలవిచ్చెను (లేవీ. 12:8). శిశువైన యేసును యెరూషలేమునకు తెచ్చినపుడు మరియ యోసేపులు ఏమి అర్పించిరో లూకా వ్రాసి పెట్టినాడు. అర్పణ పేరు చెప్పుటతోనే ఆ ఇంటి స్థితి తెలిసిపోవుచున్నది. వారు గొఱ్ఱెపిల్లను కొనగలిగిన ఇంటివారు కారు.

ముప్పది ఏండ్ల తరువాత ఆ కుమారుడే యొర్దానులో బాప్తిస్మము పొంది నీటిలో నుండి ఒడ్డుకు వచ్చినపుడు ఆత్మ ఏ పోలికతో దిగివచ్చెను? ఆ దినములలో రోమా సైన్యము గద్ద బొమ్మను ధ్వజముగా ఎత్తుకొని తిరుగుచుండెను. దేవుని ఆత్మ గద్దవలె రాలేదు. తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బుతో కొనబడిన పక్షి పోలికతో వచ్చెను. దేవాలయములో గువ్వలమ్మువారిని ప్రభువు గద్దించుటలో కూడ (యోహాను 2:16) ఈ సంగతి మరువరాదు. అక్కడ వ్యాపారపు సరుకుగా మారినది పేదవాని అర్పణే.

3. చేదును నిలువ చేయని పక్షి

పావురములవలె నిష్కపటులుగా ఉండుడని ప్రభువు తన శిష్యులకు ఆజ్ఞాపించెను. పావురములో పిత్తము, అనగా చేదు, లేదని పూర్వులు నమ్మిరి. సుమారు 1800 సంవత్సరముల క్రిందట ఉత్తర ఆఫ్రికాలోని తెర్తుల్లియను అను క్రైస్తవ పండితుడు బాప్తిస్మమును గూర్చి వ్రాయుచు, ఆత్మ ఈ పక్షి పోలికతో వచ్చుటకు ఇదియే కారణమని చెప్పెను. నేటి జీవశాస్త్రము ఈ మాటను కొంచెము సరిచేసినది. పావురమునకు పిత్తాశయము లేనిమాట నిజమే. కాని కాలేయములో పిత్తము పుడుతుంది. పుట్టినది పుట్టినట్లు ప్రేగులోనికి పోయి, తిన్నదానిని అరిగించుటకు పనికి వస్తుంది. దానిని మూటగట్టి దాచుకొనే సంచి మాత్రమే దానికి లేదు.

ఈ సవరణవలన పాఠము ఇంకను బలమైనదని మాకు తోచుచున్నది. సంఘములో చేదు పుట్టకుండుట సాధ్యము కాదు. లెక్కల విషయములో, డీకన్ల ఎన్నికలో, తెలుగు చదువరాని పిల్లల కొరకు ఇంగ్లీషు ఆరాధన పెట్టు విషయములో అభిప్రాయ భేదములు వచ్చును. వచ్చినవాటిని ఆనాడే మాటలాడి ముగించినయెడల అవి సంఘమునకు మేలే చేయును. ఇరువది ఏండ్ల క్రిందటి మాటను సంచిలో దాచుకొని, ప్రతి వార్షిక సభలో విప్పి చూపించుటే కీడు.

నిష్కపటమనగా అమాయకత్వము కాదు. అదే వచనములో ప్రభువు పామునకున్న వివేకమును కూడ కోరెను. ఎఫ్రాయిము బుద్ధిలేని గువ్వవలె ఒకసారి ఐగుప్తు వైపు, ఒకసారి అష్షూరు వైపు తిరిగినందుకు హోషేయ ప్రవక్త దుఃఖించెను (7:11).

వివేకము, నిష్కపటము కలిసిన మాదిరి మన తెలుగు బాప్తిస్టు చరిత్రలోనే ఉన్నది. 1876–78 మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగము త్రవ్వించు పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపిరి. బాప్తిస్మము కొరకు వచ్చినవారిని మాత్రము ఆ దినములలో ఆపి ఉంచిరి. అన్నము కొరకు ఎవరును మతము పుచ్చుకొనరాదని వారి తలంపు. సహాయపు పని ముగిసిన తరువాత కూడ జనులు వచ్చుచునే ఉండిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు సెంటు భూమి లేని మాదిగ కుటుంబములవారు.

4. కాలు మోపుటకు చోటు

ఇప్పుడు మొదటి పాఠ్యభాగమునకు వత్తము. నోవహు పావురమును మూడు మార్లు వెలుపలికి విడిచెను. మొదటిమారు నీళ్లే తప్ప కాలు మోపుటకు చోటు లేక అది తిరిగి వచ్చెను. రెండవమారు ఒలీవ ఆకుతో వచ్చెను. మూడవమారు మరల రాలేదు. మనము ఆకును జ్ఞాపకముంచుకొంటిమి. బొమ్మలోను ఆకునే వేసికొంటిమి. కాని మొదటిమారు జరిగినదానిని గమనించుడి. వట్టి ముక్కుతో, అలసిన రెక్కలతో వచ్చిన పక్షి కొరకు నోవహు చెయ్యి వెలుపలికి చాచి, దానిని తనయొద్దకు అందుకొన్నాడు. నీవు ఏమి తెచ్చితివని అడుగలేదు.

మనలో పెద్దవారము ఒకనాడు ఇట్లే మెజెస్టిక్ బస్టాండులో ఒక రేకు పెట్టెతో దిగినవారము. మన ఊరి పాస్టరుగారి ఉత్తరము జేబులో ఉండెను. ఎవరో ఒక సంఘస్థుడు చెయ్యి చాపి తన ఇంట చాప పరచినాడు గనుకనే ఈ పట్టణములో మన కాలు నిలిచినది. నేడు మనకు ఇండ్లున్నవి, ఆలయమున్నది, పిల్లలకు ఉద్యోగములున్నవి. ఇప్పుడు ఓడలో ఉన్నది మనము.

వెలుపల ఎగురుచున్నవారు ఎవరు? అనంతపురము, కర్నూలు, పాలమూరు ప్రాంతముల నుండి వచ్చి, కట్టుచున్న భవనముల ప్రక్క రేకుల షెడ్లలో ఉండే కూలి కుటుంబములు. హాస్టళ్లలో ఉంటూ రాత్రి డ్యూటీలు చేసే మన నర్సు బిడ్డలు. కొలువు వెదకుచు వచ్చిన యవ్వనస్థులు.

ఒక సంఘములో జరిగిన సంగతి చెప్పవలసి ఉన్నది. సభ్యత్వమునకు ఒక ఏడాది క్రమమైన హాజరు, స్థిరమైన చిరునామా ఉండవలెనని అక్కడ నియమము పెట్టిరి. ఎన్నికల సమయములో గుంపులుగా పేర్లు చేర్చకుండ ఆ జాగ్రత్త. ఒక తాపీమేస్త్రీ కుటుంబము వెనుక బెంచీలో కూర్చొనెడిది. పని ముగిసినప్పుడెల్ల వారి షెడ్డు మారును. ఏడాదిలో మూడు చోట్లు మారిరి. పదునారేండ్ల కుమారుడు బాప్తిస్మము కోరెను. సాక్ష్యము బాగుగా చెప్పెను. అయితే చిరునామా దగ్గర కాగితము ఆగిపోయి, వచ్చే కమిటీకి చూతమని వాయిదా పడినది. రెండు వాయిదాల తరువాత ఆ కుటుంబము రాలేదు. ఆ నియమము వ్రాసిన చేతులలో మా చెయ్యి కూడ ఉన్నదని ఒప్పుకొనుచున్నాము.

మూడవమారు వెళ్లిన పావురము తిరిగి రానందున దానికి నేల దొరికినదని నోవహు గ్రహించెను. మనయొద్దకు తిరిగి రానివారికి నేల దొరికినదో, ఇంకను నీళ్లమీదనే ఎగురుచున్నారో, మనము వెళ్లి అడుగలేదు. గుండ్లకమ్మలో మునిగి లేచిన 2,222 మందిని స్థిరమైన చిరునామా అడిగియుండినయెడల మనలో ఎందరము ఈనాడు ఈ పత్రికను చదువుచుందుము?

ఎన్నికలకు నియమములు ఉండవలసినదే. ఓటు హక్కునకు ఏడాది గడువు పెట్టవచ్చును. బాప్తిస్మమునకు, ప్రభురాత్రి భోజనమునకు, రోగియైనవానిని దర్శించుటకు చిరునామా అడ్డు రాకూడదు. బాల్కనీకి వల ఉండనిండి. ఆలయపు గుమ్మమునకు వల వద్దు.

కుటుంబ ప్రార్థనలోను, స్త్రీల సమాజములోను, యవ్వనస్థుల కూటములోను ఆలోచించుటకు:

1. బెంగళూరులో మనకు మొదట చెయ్యి చాపినవారు ఎవరు? వారి పేరు మన పిల్లలకు చెప్పితిమా?

2. గత ఆరు నెలలలో మన సంఘమునకు వచ్చి, మరల రానివారు ఎవరు? వారి షెడ్డునకు, హాస్టలునకు వెళ్లి విచారించు బాధ్యత ఎవరు తీసికొందురు?

3. మనము ఇంకను సంచిలో దాచుకొన్న చేదు ఏది? ఎవరితో మాటలాడి దానిని ముగించవలెను?

4. మన సంఘ నియమములలో పేదవానికి మాత్రమే అడ్డు వచ్చేది ఏదైన ఉన్నదా?

వచ్చే ఆదివారము గోడమీది పావురమును చూచినపుడు ఒకసారి వెనుక బెంచీ వైపు కూడ చూతము. అక్కడ క్రొత్త ముఖము కనబడినయెడల ఆరాధన ముగియగానే ముందుగా నడచి వెళ్లి చెయ్యి చాపుదము. ప్రభువు మనకు అట్టి కృపను దయచేయును గాక. ఆమేన్.