యిర్మీయా ప్రవక్త కొన్న పొలం

(చదువవలసిన భాగాలు: యిర్మీయా 28, 29, 32 అధ్యాయాలు)



డిసెంబరు 31 రాత్రి పూజ ముగిసిన తరువాత వాగ్దానపు కార్డులు తీసికోవడం ఇప్పుడు మన విచారణల్లో కూడ అలవాటైంది. బుట్టలో చేయి పెట్టి ఒక కార్డు తీస్తాం. దానిమీది వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అనుకొంటాం. ఇంటికి తీసికొనిపోయి గోడకు అంటించుకొంటాం. మా విచారణలో ఆ కార్డులు అచ్చువేయించి బుట్టలో పెట్టించింది నేనే. కనుక నేడు నేను వ్రాసే సంగతిలో నా పొరపాటు కూడ కొంత ఉంది.

2022 తపస్సుకాలంలో ఒక తల్లి గుడి దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది మిరప పైరును నల్ల తామరపురుగు ఎట్లా పాడుచేసిందో మన రైతులకు చెప్పనక్కరలేదు. ఆమె భర్త రెండెకరాలు కౌలుకు తీసికొని మిరప వేశాడు. పూత రాలిపోయింది, కాయ నిలువలేదు. పొలం పట్టా మరొకరి పేర ఉంది, అప్పు మాత్రం ఇతని పేర ఉంది. అందులో కొంత నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చింది.

ఆమె నా బల్లమీద ఒక కార్డు పెట్టింది. ప్రభువు మనకు కీడు గాక మేలే తలపెట్టాడనీ, మనకు మంచి భవిష్యత్తును, నిరీక్షణను దయచేస్తాడనీ చెప్పే వాక్యం దానిమీద ఉంది. "ఫాదర్ గారూ, ఇది నేను కళ్ళు మూసికొని తీసిన వాక్యమండీ. మేలే చేస్తానన్నాడు గదా, ఆ మేలు ఎక్కడుందండీ?" అని అడిగింది. తరువాత గొంతు తగ్గించి, "ఆయన రాత్రిళ్ళు పడుకోవడం లేదండీ. పురుగుమందు డబ్బా తీసికొనిపోయి మా అక్కవాళ్ళ ఇంట్లో దాచాను" అంది.

"ఓర్చుకో అమ్మా, దేవుడు చూసుకొంటాడు" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆమె ముఖం చూస్తే నేను ఆమె చేతిలో ఇంకొక కార్డు పెట్టానని మాత్రం తెలిసింది. ఆ సాయంత్రమే ఉపదేశిగారిని వెంటబెట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ సంగతి చివర చెబుతాను. ముందుగా ఆ కార్డుమీది వాక్యం ఎక్కడిదో, దేవుడు దాన్ని ఎవరితో అన్నాడో చూద్దాం.

1. ఆ మాట ఎవరికి చెప్పినది?

అది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయంలో 11వ వచనం. ఒక జాబులోని మాట. క్రీ.పూ. 597లో బాబిలోనియా రాజు నెబుకద్నెసరు యెరూషలేమును లొంగదీసికొని, యూదా రాజునూ పెద్దలనూ చేతిపనివారినీ బందీలనుగా తన దేశానికి తీసికొనిపోయాడు. వాళ్ళు ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని పరదేశంలో కుములుతూన్నారు. అలాంటి వారికి యిర్మీయా యెరూషలేమునుండి జాబు వ్రాశాడు.

ఆ జాబులో ఏముంది? అక్కడే ఇండ్లు కట్టుకొని కాపురముండండి, తోటలు నాటి వాటి పండ్లు తినండి, పెండ్లిండ్లు చేసికొని బిడ్డలను కనండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది (29, 5-7). దేవుడు మిమ్మల్ని తప్పక తిరిగి తీసికొనివస్తాడు, కాని అందుకు డెబ్బైయేండ్లు పడుతుంది అని కూడ ఉంది (29, 10). ఆ డెబ్బైయేండ్ల మాట అయిన వెంటనే మన కార్డుమీది మాట వస్తుంది. మనం పదకొండో వచనాన్ని కత్తిరించి బుట్టలో వేశాం. పదో వచనాన్ని గ్రంథంలోనే వదలివేశాం.

ఆ తల్లి పొందిన వాక్యం అబద్ధమైనది కాదు. అది సగం మాత్రమే. దేవుడు బందీలకు మేలు చేస్తానన్నాడు. ఆ మేలు వచ్చేదాకా ఏమి చేయాలో కూడ చెప్పాడు. మార్గదర్శనమంతా ఆ రెండో సగంలో ఉంది.

2. రెండేండ్ల ప్రవక్త, డెబ్బైయేండ్ల ప్రవక్త

ఆ రోజుల్లోనే హనన్యా అనే మరో ప్రవక్త ఉండేవాడు. అతడు దేవాలయంలో ప్రజలందరి ముందు నిలబడి, రెండేండ్లలో దేవుడు బాబిలోనియా కాడిని విరుగగొడతాడు, బందీలూ దేవాలయపు పాత్రలూ తిరిగి వచ్చేస్తాయి అని ప్రకటించాడు. యిర్మీయా అప్పుడు తన మెడమీద కొయ్యకాడి పెట్టుకొని తిరుగుతూ, ఈ దాస్యం ఇప్పుడిప్పుడే తీరదని బోధిస్తూన్నాడు. హనన్యా ఆ కాడిని లాగి విరుగగొట్టాడు (28, 10).

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. హనన్యా మాట వినగానే యిర్మీయా మొదట ఆమెన్ అన్నాడు, ప్రభువు అలాగే చేయునుగాక అని కోరుకొన్నాడు (28, 6). అతనికి మాత్రం ప్రజలు తొందరగా విడుదల పొందాలని లేదా? ఉంది. కాని తాను కోరుకొన్నది వేరు, దేవుడు చెప్పింది వేరు అని అతనికి తెలుసు.

నేడు కూడ హనన్యాలు ఉన్నారు. ఈ నెలలోనే నీ అప్పు తీరుతుంది, ఇంత కానుక వేస్తే నీ కుమారునికి వీసా వస్తుంది, ఈ నూనె రాసుకొంటే మందులు మానివేయవచ్చు అని చెప్పేవాళ్ళున్నారు. కష్టంలో ఉన్నవాడికి ఆ మాటలు తియ్యగా ఉంటాయి. కాని గడువు దాటిన తరువాత ఆ మనిషి బోధకుణ్ణి గాక దేవుణ్ణే అనుమానిస్తాడు. దొంగ నిరీక్షణ చేసే పెద్ద కీడు ఇదే.

3. ముట్టడిలో పొలం బేరం

కొన్నేండ్లు గడిచాయి. బాబిలోనియా సైన్యం మళ్ళీ వచ్చి యెరూషలేమును చుట్టుముట్టింది. నగరం పడిపోతుందని చెప్పినందుకు సిద్కియా రాజు యిర్మీయాను చెరసాల ఆవరణలో నిర్బంధించాడు. అప్పుడు అతని పినతండ్రి కుమారుడు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో, దాన్ని విడిపించే హక్కు నీదే అన్నాడు (32, 8). దగ్గరి బంధువు పొలం అమ్ముకోవలసివస్తే దాన్ని విడిపించుకోవడం ధర్మశాస్త్రం ప్రకారం వరుసైనవాని బాధ్యత (లేవీ 25, 25).

ఈ బేరం ఎట్లాంటిదో ఆలోచించండి. అనాతోతు యెరూషలేముకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఊరు. రాజధానినే చుట్టుముట్టిన సైన్యం మధ్య ఆ ఊరి పొలానికి విలువేముంది? కొనేవాడు ఖైదులో ఉన్నాడు. అతనికి భార్యాబిడ్డలు లేరు, ఆ పొలం అనుభవించే వారసుడు లేడు. పైగా అనాతోతువాళ్ళు ఒకప్పుడు అతన్ని చంపజూచినవాళ్ళు (11, 21). లోకజ్ఞానం ఉన్నవాడెవడూ ఆ బేరానికి ఒప్పుకోడు.

యిర్మీయా ఒప్పుకొన్నాడు. పదిహేడు తులాల వెండిని త్రాసులో తూచి ఇచ్చాడు. ఆ కాలపు తూకం ప్రకారం అది దాదాపు రెండువందల గ్రాములు. దస్తావేజు వ్రాయించి, సాక్షులచేత సంతకాలు చేయించి, ముద్ర వేశాడు. ముద్రవేసిన ప్రతినీ తెరచి ఉన్న ప్రతినీ రెంటినీ బారూకు చేతికిచ్చి, చాలకాలం చెడకుండా ఉండేలా మట్టికుండలో పెట్టించాడు (32, 14). ఎందుకు? ఈ దేశంలో మళ్ళీ ఇండ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొంటారని ప్రభువు చెప్పాడు గనుక.

ఆ తరువాత జరిగింది మనకు మరింత ఓదార్పు. దస్తావేజు దాచిన పిదప యిర్మీయా ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థనలో అతని కలవరం దాగలేదు. ప్రభూ, ముట్టడి దిబ్బలు నగరం గోడలదాకా వచ్చాయి, నీవేమో వెండి ఇచ్చి పొలం కొనమంటివి అని మొరపెట్టుకొన్నాడు (32, 24-25). అతడు అనుమానాలన్నీ తీరిన తరువాత పొలం కొనలేదు. ముందు దేవుడు చెప్పిన పని చేశాడు, తరువాత అనుమానాన్ని దేవుని ముందే విప్పి చెప్పుకొన్నాడు. తనకు అసాధ్యమైనది ఏమీ లేదని దేవుడు జవాబిచ్చాడు.

క్రీ.పూ. 587లో నగరం పడిపోయింది. తరువాత కొందరు యిర్మీయాను ఐగుప్తుకు తీసికొనిపోయారు. అతడు తన పొలాన్ని మళ్ళీ చూచినట్లు బైబులు ఎక్కడా చెప్పదు. కాని క్రీ.పూ. 538లో పారశీక రాజు కోరెషు బందీలను వెళ్ళనిచ్చాడు. తిరిగివచ్చినవారి జాబితా ఎజ్రా గ్రంథంలో ఉంది. మామూలుగా మనం చదవకుండా దాటవేసే ఆ పేర్ల పట్టీలో ఒకచోట అనాతోతువారు 128 మంది అని ఉంది (ఎజ్రా 2, 23). ఆ చిన్న లెక్కే కుండలోని దస్తావేజుకు జవాబు.

4. నిరీక్షణ అంటే ఏమిటి?

అక్వినాసు తోమాసుగారు నిరీక్షణకు నాలుగు లక్షణాలు చెప్పారు. మనం నిరీక్షించేది మంచిదై ఉండాలి. అది ఇంకా మన చేతికి రానిదై ఉండాలి. కష్టమైనదై ఉండాలి. అయినా సాధ్యమైనదై ఉండాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తీసివేసినా అది నిరీక్షణ కాదు.

నిరీక్షణకు వ్యతిరేకంగా రెండు పాపాలున్నాయని తిరుసభ బోధిస్తుంది. ఒకటి నిరాశ, మరొకటి మితిమీరిన ధీమా. నిరాశ నాలుగో లక్షణాన్ని కొట్టివేస్తుంది. ఇక సాధ్యం కాదు అంటుంది. ధీమా మూడోదాన్ని కొట్టివేస్తుంది. కష్టమేమీ లేదు, రెండేండ్లలో అయిపోతుంది అంటుంది. హనన్యా జనానికి ఇచ్చింది ఆ ధీమానే. ధీమా విరిగినచోట తరచుగా నిరాశ మొలుస్తుంది. ఆ తల్లి ఇంట్లో నేను చూచింది అదే.

మరి కష్టమైనది సాధ్యమే అనడానికి మనకున్న పూచీ ఏమిటి? పొలం కొనేటప్పుడు మనం ముందుగా కొంత బయానా ఇస్తాం. బయానా ముట్టితే బేరం ఖాయమైనట్లు లెక్క. పౌలు భక్తుడు ఎఫెసీయులకు వ్రాస్తూ పవిత్రాత్మను గూర్చి సరిగ్గా ఈ వ్యాపారపు మాటనే వాడాడు. మన తెలుగు బైబులులో దాన్ని సంచకరువు అన్నారు. దేవుడు క్రీస్తునందు మనమీద ముద్రవేసి, రాబోయే వారసత్వానికి తన ఆత్మను బయానాగా ఇచ్చాడని భావం (ఎఫె 1, 13-14). సిలువమీదినుండి క్రీస్తును ప్రాణాలతో ఎవరూ దింపలేదు. కాని మూడోనాడు తండ్రి ఆయన్ని లేపాడు. మన నిరీక్షణకు పునాది ఆ ఉత్థానమే. మన పంట బాగా పండటం కాదు.

5. ఆ ఇంట్లో జరిగింది

ఆ సాయంత్రం ఆమె భర్త చాలాసేపు మాట్లాడలేదు. చచ్చిపోవాలనిపిస్తూందా అని సూటిగానే అడిగాను. తల వంచుకొని ఏడ్చాడు. ఆ రాత్రినుండి అతన్ని ఒంటరిగా వదలకూడదని బావమరిదికి అప్పగించాం. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసికొనివెళ్ళాం.

తరువాత యిర్మీయా 32వ అధ్యాయం ముగ్గురం కలసి చదువుకొన్నాం. చదివి ఒక కాగితం తీసికొని అప్పులన్నీ వ్రాశాం. ఎవరికి ఎంత, ఏ వడ్డీకి అని. నాలుగు చోట్ల ఉంది. అంతవరకూ అతడు దాన్ని ఒకచోట కూడి చూడలేదు. ఆమె పొదుపు సంఘంలో తక్కువ వడ్డీకి అప్పు తీసికొని మూడు రూపాయల వడ్డీ అప్పును ముందు తీర్చింది. పెద్ద అప్పిచ్చినాయన పెద్దమనుషుల ముందు గడువిచ్చాడు. తొలకరికి మళ్ళీ ఎకరం మాత్రమే కౌలుకు తీసికొన్నారు.

ఆ అప్పు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అద్భుతమేదీ జరుగలేదు. కాని అతడు బ్రతికి ఉన్నాడు, పిల్లలు బడికి పోతూన్నారు. ఆ కాగితం మాత్రం ఆమె తన బైబులులో 32వ అధ్యాయం దగ్గరే పెట్టుకొంది.

6. మనం చేయవలసినవి

మొదటిది, వాక్యాన్ని విడిగా తీయకుండా అధ్యాయమంతా చదువుదాం. ఇది ఎవరితో అన్న మాట, ఏ పరిస్థితిలో అన్నది, వాళ్ళను ఏమి చేయమన్నాడు అని మూడు ప్రశ్నలు వేసికొందాం. గ్రంథకర్త ఉద్దేశాన్ని, లేఖనాల మొత్తాన్ని గమనించి బైబులు చదవాలని 1965లో రెండవ వాటికన్ సభ కూడ బోధించింది. మా విచారణలో ఇప్పుడు కార్డుమీద అధ్యాయం సంఖ్య మాత్రమే వేస్తున్నాం. ఇంటికి పోయి కుటుంబమంతా దాన్ని చదవాలి.

రెండవది, దేవునిమీది నమ్మకంతో ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. అప్పుల లెక్క వ్రాయడం, మానివేసిన మందు మళ్ళీ మొదలుపెట్టడం, మాటలు లేని తమ్మునితో మాట్లాడటం, ఏదైనా సరే. అదే మనం కొనే పొలం.

మూడవది, ఇంట్లో ఎవరైనా బ్రతుకుమీద విరక్తితో మాట్లాడుతూంటే దాన్ని పాపమని గద్దించవద్దు, సిగ్గుపడి దాచవద్దు. వారి పక్కన కూర్చోండి. వైద్యునికి చూపించండి. ప్రభుత్వం నడిపే టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. మీ విచారణ గురువును ఏ రాత్రివేళనైనా లేపవచ్చు. మేమున్నది అందుకే.

ప్రార్థన

ప్రభూ, ముట్టడిలో ఉండికూడ పొలం కొన్న నీ ప్రవక్తను మాకు చూపించావు. మేము కోరిన గడువులో నీ మేలు రాకపోయినా నిన్ను విడనాడకుండే మనసునీయి. మా అనుమానాలను నీ ముందే చెప్పుకొనే చనువునీయి. నేడు మేము చేయవలసిన పనిని మాకు చూపించు. దాని ఫలాన్ని మేమే గాక మా తరువాతివారు అనుభవించినా సంతోషించే హృదయాన్ని దయచేయి. ఆమెన్.