ఊపిరికి కావలి

శస్త్రచికిత్స పొంది ఇంటికి మరలివచ్చిన వానిని "నీకు చికిత్స చేసిన వైద్యుడెవరు?" అని అడిగినచో, అతడు కత్తి పట్టిన వైద్యుని పేరు తడుముకొనక చెప్పును. "నీకు మత్తునిచ్చి, చికిత్స ముగియువరకు నీ ప్రాణమునకు కావలి యుండి, మరల మేల్కొలిపిన వైద్యుడెవరు?" అని అడిగినచో మారుపలుకడు. ఆ వైద్యుని ముఖమును అతడు చూచినది ఒకటి రెండు నిమిషములే. అంతలో నిద్ర ముంచుకొని వచ్చినది. మేలుకొని యున్నప్పుడు పొందిన ఉపకారమును మనము తలంచుకొందుము. నిద్రలో పొందిన ఉపకారమును ఎరుగము.

కొన్ని సంవత్సరములకు పూర్వము నాకు ఉదరమున శస్త్రచికిత్స జరిగినది. కత్తి పట్టిన వైద్యుడును, మత్తునిచ్చిన వైద్యుడును అరువది యేండ్లు దాటినవారు. ఇరువురును ఒకే తరగతిలో వైద్యము చదివినవారు. మూడవనాడు ఇద్దరును కలిసి నా మంచము చెంతకు వచ్చిరి. నేను శస్త్రవైద్యునకు నమస్కరించి కృతజ్ఞత చెప్పగా, ఆయన నవ్వి, "మాస్టారూ! ముప్పది యేండ్లుగా నేను తల వంచుకొని నా పని చేసికొనుచున్నాను. తలయెత్తి రోగి ముఖము చూడవలసిన అవసరము నాకు రాలేదు. తలాపున వీడున్నాడు గదా!" అనెను. రెండవ వైద్యుడు, "నేను ఆపుమన్నప్పుడెల్ల వీడు మారుమాటాడక ఆపినాడు. స్నేహమనగా మాకు అంతే" అనెను.

ఆ మాట నా మనస్సున నాటుకొనినది. ఒకరి చేతిలో కత్తి, ఒకరి చేతిలో ఊపిరి. ఇద్దరి నడుమ నమ్మకము లేనిచో రోగి బ్రతుకడు. ఇట్టి స్నేహమునకు మన హైదరాబాదు నగరమున, మూసీనది ఒడ్డున గల అఫ్జల్‌గంజ్‌లో, నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రలో ఆదరముతో తలంపదగిన పేరు డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ.

మత్తుమందు లేని కాలమున శస్త్రచికిత్స ఎట్లుండెడిదో మీరు ఊహింపజాలరు. నలుగురు బలవంతులు రోగిని కదలకుండ పట్టుకొనగా, వైద్యుడు త్వరత్వరగా కోత ముగించెడివాడు. ఎంత వేగముగా కోసిన అంత గొప్ప వైద్యుడు. 1846వ సంవత్సరము అక్టోబరు 16న అమెరికాలోని బోస్టను నగరమున మార్టన్ అను నతడు ఈథరు ఆవిరిని పీల్పించి, రోగికి బాధ తెలియకుండ చేయుటను బహిరంగముగా చూపెను. మరుసటి సంవత్సరమే స్కాట్లండులోని ఎడింబరో నగరమున సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. అది ఈథరు కంటె త్వరగా పనిచేయును. కొద్దిపాటి మోతాదు చాలును. లోకమంతయు సంతోషించినది. కాని ఆ సంతోషము చిరకాలము నిలువలేదు. 1848 జనవరిలో ఇంగ్లండులో హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలి గోరు తీయించుకొనుటకై క్లోరోఫారము పీల్చి, క్షణములలో మరణించెను. బాధ నుండి కాపాడు మందే ప్రాణమును తీయుచున్నదా?

ఈ ప్రశ్నపై వైద్యులు రెండు పక్షములైరి. క్లోరోఫారము మొదట గుండెను దెబ్బతీయును గావున వైద్యుడు నాడిని పట్టి చూచుచుండవలెనని లండను వైద్యులు పలువురు చెప్పిరి. మొదట ఆగునది ఊపిరియే గాని గుండె కాదనియు, వైద్యుడు ఊపిరినే కనిపెట్టి యుండవలెననియు ఎడింబరోకు చెందిన జేమ్స్ సైమ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు బోధించెను. సైమ్ వద్ద శిక్షణ పొందినవారిలో ఎడ్వర్డు లారీ ఒకడు. అతడు 1885లో హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగాను, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతిగాను వచ్చెను.

ఆ పాఠశాల 1846లో నిజాము నాసిరుద్దౌలా కాలమున నెలకొల్పబడినది. అచట మొదట ఉర్దూభాషలో వైద్యము బోధించెడివారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి 1866లో అఫ్జలుద్దౌలా కాలమున వెలసినది. లారీ వచ్చిన యేటనే ఆ పాఠశాలలో కొందరు స్త్రీలు విద్యార్థినులుగా చేరిరి. వారిలో పార్సీ కుటుంబమునకు చెందిన రూపాబాయి ఒకతె. ఆనాడు స్త్రీ చదువుకొనుటయే అరుదు. వైద్యము చదువుట మరింత అరుదు. అయినను ఆ చదువు ఎంత అవసరమో ఘోషాలోని స్త్రీలకు తెలియును. పరపురుషునకు ముఖమైనను చూపలేక, రోగమును దాచుకొని మరణించిన తల్లులు ఆ నగరమున ఎందరో! రూపాబాయి 1889లో హకీమ్ పట్టమును పొందెను. వైద్య పాఠశాల ఆ కాలమున ఇచ్చుచుండిన పట్టము అదియే.

ఆమె విద్యార్థినిగా నున్న కాలమున హైదరాబాదు పేరు వైద్యలోకమంతట మారుమ్రోగినది. 1888లో లారీ ప్రేరణచే, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆదరమున, క్లోరోఫారమును పరీక్షించుటకు ఒక సంఘము ఏర్పడెను. హెహిర్, కెల్లీ, షామరెట్ అను వైద్యులు అందు పనిచేసిరి. జంతువులపై పరీక్షలు జరిపి, మొదట ఆగునది ఊపిరియేయని వారు తేల్చిరి. లండనులోని 'లాన్సెట్' అను వైద్యపత్రిక ఈ నిర్ణయమును అంగీకరింపలేదు. అప్పుడు హైదరాబాదు ఏమి చేసినదో గమనింపుడు. అలుగలేదు. దూషింపలేదు. "మీరు నమ్మిన వైద్యుని మీరే ఎన్నుకొని పంపుడు. అతని యెదుటనే మరల పరీక్షింతుము" అని కోరినది. అందుకై నిజాము వేయి పౌనులు ఇచ్చెను. వాదమున ఎదిరిపక్షము వానిని సొంత ఖర్చుతో ఇంటికి పిలుచుకొనుట సామాన్యమైన ధైర్యము కాదు.

లాన్సెట్ పత్రిక డాక్టరు లాడర్ బ్రంటన్‌ను పంపినది. గుండెనొప్పికి మందు కనుగొని ఆయన అప్పటికే కీర్తి గడించియుండెను. ఆయన 1889 అక్టోబరులో హైదరాబాదు చేరెను. లారీ, బ్రంటన్, బామ్‌ఫోర్డు, హైదరాబాదు వైద్యుడైన రుస్తుంజీ కలిసి రెండవ సంఘముగా ఏర్పడి, ఆ సంవత్సరాంతము వరకు నాలుగు వందలకు మించిన జంతువులపై పరీక్షలు జరిపిరి. మూగజీవులు పడిన ఆ బాధను మనము మరువరాదు. మానవులు తెలిసికొనిన జ్ఞానమునకు అవి చెల్లించిన వెల అది. క్లోరోఫారము గుండెకు ప్రమాదమని తలంచి వచ్చిన బ్రంటన్, తన కన్నులతో చూచినదానిని నమ్మి తన యభిప్రాయమును మార్చుకొనెను. ఆ సంగతిని దాచక తంతి ద్వారా లండనునకు తెలియజేసెను. ప్రతిపక్షిగా వచ్చినవాడు సహచరుడుగా మరలిపోయెను.

ఆ సంఘమువారు చెప్పిన నియమములు సూటియైనవి. రోగిని వెల్లకిల పరుండబెట్టవలెను. మెడకు, రొమ్మునకు, పొట్టకు బిగువైన బట్ట ఉండరాదు. క్లోరోఫారము ఇచ్చు వైద్యుని దృష్టి ఊపిరిపైననే నిలువవలెను. కోత యెంత ఆశ్చర్యకరముగా నున్నను ఆ వైపునకు చూపు మరల్చరాదు. ఊపిరి ఏ మాత్రము తడబడినను మందును వెంటనే తొలగింపవలెను. గొప్ప శస్త్రవైద్యుడు పని చేయుచుండగా, అతని పనిని చూడక, రోగి రొమ్ము లేచి పడుటను మాత్రమే చూచుచు కూర్చుండుటకు ఎంతటి నిగ్రహము కావలెను! పేరు దక్కని పని యది. ఆ పనినే రూపాబాయి తన జీవితమునకు వ్రతముగా చేసికొనెను.

1889 మొదలు 1917 వరకు రెసిడెన్సీ ఆసుపత్రిలోను, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలోను, విక్టోరియా జనానా ఆసుపత్రిలోను ఆమె మత్తువైద్యురాలుగా పనిచేసెను. ప్రపంచమున ఈ పనికి పూనుకొనిన తొలి మహిళా వైద్యురాలు ఆమెయేయని నేడు చెప్పుచున్నారు. ఇరువది యెనిమిది సంవత్సరములు! అంతకాలము ఆమె తలాపున నుండగా ఎందరు శస్త్రవైద్యులు నిశ్చింతగా తలవంచి పనిచేసిరో, ఎందరు రోగులు ఆమె పేరైనను తెలియక ఇంటికి నడచిపోయిరో! గురువైన లారీ 1901లో హైదరాబాదు విడిచిపోయెను. అతడు నేర్పిన పనిని ఆమె మరి పదునారేండ్లు కొనసాగించెను.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివైచినది. వేలకొలది ప్రజలు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కూలిపోయినది. ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూట యేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, విన్సెంట్ ఎష్ అను శిల్పి రచనతో అచటనే ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములు లేచినవి. ఆ పాత భవనములోనికి 2020 జులైలో వాననీరు చొచ్చిరాగా రోగులను అందుండి తరలించిరి.

ఆసుపత్రి కూలిన మరుసటి సంవత్సరము, 1909లో, రూపాబాయి ఎడింబరోకు వెళ్లెను. ఇరువదియేండ్ల అనుభవము గల వైద్యురాలు మరల విద్యార్థినియై భౌతికశాస్త్రమును, రసాయనశాస్త్రమును చదివెను. మత్తునిచ్చువాడు ఆవిరుల స్వభావమును, వాయువుల నడకను లోతుగా తెలిసికొనవలెనని ఆమె యెంచినది. గురువు చెప్పినదే చాలునని ఆమె తృప్తిపడలేదు. గురువునకు గురువైన సైమ్ బోధించిన నగరమునకే పోయి, ఆయన కాలమున లేని శాస్త్రమును నేర్చి వచ్చెను.

ఇచట నేను మీకు ఒక సత్యమును చెప్పక తప్పదు. హైదరాబాదు సంఘము చెప్పినదంతయు నిజము కాదు. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు జరిపిన పరీక్షలు ఆ నిర్ణయమునకు విరుద్ధముగా వచ్చినవి. లారీ వానిని అంగీకరింపలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు, క్లోరోఫారమును పలుచగా ఇచ్చునప్పుడు గుండె ఒక్కసారిగా లయ తప్పి ఆగిపోవచ్చునని పిల్లులపై పరీక్షించి చూపెను. హైదరాబాదులో వైద్యులు మందును అధికముగా ఇచ్చుచు, మొదట ఏది ఆగునో చూచిరి. అప్పుడు మొదట ఆగినది ఊపిరియే. కాని హానా గ్రీనర్ వంటివారు మరణించినది మత్తు పూర్తిగా ఎక్కక ముందే. వైద్యులు ఒక ప్రశ్న వేసి, దాని జవాబును వేరొక ప్రశ్నకు జవాబుగా తలంచిరి. బుద్ధిమంతులు కూడ చిక్కుకొను పొరపాటు అది.

మరి లారీ గురుభక్తి తప్పా? కాదు. గురువు చెప్పినదానిని ఋజువు చేయుటకు అతడు పడిన శ్రమ గొప్పది. ఋజువు ఎదిరిగా వచ్చినప్పుడు దానిని చూడ నిరాకరించుట మాత్రము లోపము. గురువుపై ప్రేమ సత్యమునకు అడ్డు నిలువరాదు. బ్రంటన్ తాను చూచినదానికి లోబడినాడు. రూపాబాయి నడివయస్సున మరల బడిలో కూర్చున్నది. వారినుండియు మనము నేర్చుకొనవలెను.

రూపాబాయి 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి అధికారిణిగా నుండి పదవీ విరమణ చేసెను. క్లోరోఫారము నేడు శస్త్రశాలలలో లేదు. ఇప్పుడు రోగి వేలికి తగిలించు చిన్న పరికరము రక్తములోని ప్రాణవాయువును లెక్కించును. తలాపున నున్న తెరపై ఒక గీత గుండె నడకను, మరియొక గీత ఊపిరి నడకను తెలుపును. ఎడింబరో, లండను పక్షములు అర్ధశతాబ్దికి మించి వాదించిన రెండు విషయములును ఒకే తెరపై ప్రక్కప్రక్కన నడచుచున్నవి. ఊపిరిని చూడవలెనన్న వారిదియు సగము నిజమే. గుండెను చూడవలెనన్న వారిదియు సగము నిజమే.

కాని ఎన్ని తెరలు వచ్చినను, వానిని చూచుచు మేలుకొని కూర్చుండు మనిషి కావలెను. ఆ మనిషి "ఆపుము" అన్నప్పుడు చేయి వెనుకకు తీసికొను మిత్రుడు కావలెను. నాకు చికిత్స చేసిన ఆ యిద్దరు వృద్ధమిత్రులను తలంచుకొనినప్పుడెల్ల, పేరు కోరక ఊపిరికి కావలియున్న ఆ వైద్యురాలు నాకు జ్ఞప్తికి వచ్చును. విద్యార్థులారా! మీలో కొందరు రేపు కత్తి పట్టుదురు, కొందరు తలాపున కూర్చుందురు. ఏ పని చేసినను, నీ తోడివాడు నిశ్చింతగా తలవంచి పనిచేసికొనునట్లు నీవు మేలుకొని యుండుము. దానికంటె మించిన స్నేహము లేదు.

ప్రశ్నలు

1. మత్తువైద్యుని ఉపకారమును రోగి ఎరుగడని రచయిత ఏల చెప్పెను?
2. ఎడింబరో, లండను వైద్యుల వాదమును వివరింపుడు.
3. లాన్సెట్ పత్రిక ఒప్పుకొననప్పుడు హైదరాబాదు ఏమి చేసినది? దానిని బట్టి మీరు నేర్చుకొనినదేమి?
4. హైదరాబాదు సంఘము నిర్ణయములోని లోపము ఎట్లు బయటపడినది?
5. "గురువుపై ప్రేమ సత్యమునకు అడ్డు నిలువరాదు." ఈ వాక్యమును లారీ, రూపాబాయి జీవితములతో సమన్వయించి వ్రాయుడు.